ధీరే

ఎందుకు వెళ్ళిపోతున్నారని అడిగిన ప్రతివాళ్ళకీ
ఒక్కో కారణం చెప్పాను.
బిజిపూర్ కూడలిలో కూరలమ్మే మావుసికి, నీళ్ళు.
మా మరిదికి, అద్దె.
బడిలో టీచరమ్మకి పొగ, దుమ్ము, పాప ఉబ్బసం.
పాపకి ఉబ్బసం లేదు.

ఖస్పా వీధిలో మాది మేడ మీద వాటా.
కింద పాణిగ్రాహి గారి తల,
ఆ తల మీద మా నేల.
నా అప్పడాల కర్ర దొర్లితే
ఆయన చీపురు కర్రతో కప్పుని పొడిచేవారు.
రెండు పోట్లంటే గుర్తు చెయ్యడం.
మూడంటే కోపం.
పీట కింద గోనెసంచి మడిచి పరిచాను.
కుర్చీ కాళ్ళకి పాత మేజోళ్ళు తొడిగాను.
పాపకి నడకొచ్చిన నెలలోనే
"ధీరే" నేర్పాను.
అమ్మ కంటే ముందు కాదు గానీ
అత్త కంటే ముందే వచ్చిందా మాట, ఒడియాలో.

ఓ రోజు బొమ్మకి అన్నం పెడుతూ
దాని నోటికి వేలు అడ్డంపెట్టి
"ష్, కింద తాతకి వినిపిస్తుంది" అంది.
ఆ రాత్రే మా ఆయనతో అన్నాను:
ఇల్లు చూడు. ఎంత దూరమైనా సరే.

దూరమే.
కుకుడాఖండి దాటి లోపలికి, మట్టిరోడ్డు.
మొగలి పొదల్లో పాములుంటాయన్నారు, ఉన్నాయి.
ఎనిమిది దాటితే ఆటో రాదు.
పట్టుచీరల కొట్టు కట్టేసి మా ఆయన
బండి మీద వచ్చేసరికి పాప నిద్రపోతుంది.
నాన్న గొంతు దానికిప్పుడు ఆదివారం సరుకు.
ఇదీ లెక్కలో రాసుకోవాలి.

కదిలే రోజు పాణిగ్రాహి గారే
బీరువాకి ఓ చెయ్యేసి మెట్లు దింపారు.
పాప చేతిలో ఖాజాల పొట్లం పెట్టారు.
చెడ్డమనిషని ఎవరితో చెప్పను?

ట్రాలీ ఆటో వెళ్ళాక
ఖాళీ గది మధ్యలో పాపని నిలబెట్టి
కింద ఎవరూ లేరే, మట్టే, గెంతు అన్నాను.
నా మొహం చూసింది.
వంగి, నేలకి చెంప ఆనించి, విన్నది.
తర్వాత మునివేళ్ళ మీద లేచి
చప్పుడు కాకుండా
ఒక్క గెంతు.

ఇంక నేనే గెంతాను,
నలభై దగ్గరపడ్డ మనిషిని,
గాజులూ తాళాలగుత్తీ ఘల్లుమనేలా.
సర్దని గిన్నె ఒకటి దొర్లి, దొర్లి, గోడకి తగిలింది.
ఇద్దరం కదలకుండా నిలబడి
మూడు పోట్ల కోసం చెవులొగ్గాం.

బయట కప్పలు.