వకు గుడిస్తే

గోడ మీద ఆ ఒక్క అక్షరం
నేను ఎన్నడూ చెరపను.

ఏటా సెప్టెంబర్ పదహారు రాత్రి
సెక్రెటరీ ఫోన్ జేస్తడు:
"మడావీ, ఈసారి పేరు మారింది,
పొద్దుగాల జెండా ఎక్కేలోపు రాసెయ్."
మర్కగూడ బడి గోడకు నిచ్చెనేసి
టార్చిలైటు పండ్ల నడుమ పట్టుకొని
పాత పేరుకు సున్నం కొడత.

ఒక ఏడు విమోచనం.
ఒక ఏడు విలీనం.
ఒకసారి ఎవడో పిలగాడు
రాత్రికి రాత్రి బొగ్గుతో విద్రోహమని దిద్దిపోయిండు.
నడుమ వేరే పేర్లూ వచ్చినయ్ గానీ
తిరిగి తిరిగి "వి" కాడికే వస్తరని ఎరికై
దాని మీద సున్నం పడనియ్య.
రంగు డబ్బా నూట ఎనభై.
నిరుటి పైసలే ఇంకా రాలే.

మా కాకో మాన్కుబాయికి తేదీలు రావు.
"దండారి ఆడే దినాలల్ల
ఉప్పు ఎడ్లోడు చెప్పిండు, నిజాం పోయిండని.
మా నాయిన అడిగిండు: మరి జంగ్లాతోడు?
ఉప్పోడు నవ్వి
సోలెడు తక్కువ కొలిచిండు."

జంగ్లాతోడు పోలే.
బూట్లు మారినయ్, బాస మారింది.
మొన్న శ్రావణంల
మా జొన్నచేను నడుమ కందకం తవ్వినోడు
"అవ్వా, జర పక్కకు" అన్నడు
ఎంత మర్యాదగనో.
జేసీబీ పండ్లల్ల జొన్నవేర్లు యాలాడుతున్నయ్.

ఈసారి రాస్తుండంగనే వాన.
పచ్చి రంగంతా కారి
నేల మీద ఎర్రగ మడుగు గట్టింది.
ఎండిన "వి" ఒక్కటే మిగిలింది.

తెల్లారి పిల్లలు వరుస గట్టిన్రు.
సార్లు రాలే, జెండాతాడు చిక్కువడ్డది.
ఒకటో తరగతి తుల్జీబాయి వేలు వెట్టి సదివింది:
వకు గుడిస్తే వి.
తర్వాత ఏందని నా మొకం జూసింది.

ఇత్తులు, అన్నడొకడు.
ఇస్తారాకు, అన్నది ఇంకొకతి.
అది "ఇ" అని అందరు నవ్విన్రు.
పుస్తకంల ఉన్న వకారం
మా నోట్లకు రాంగనే రాలిపోతది.
ఎనకకెల్లి సన్నగ ఎవలో
పట్టి పట్టి పలికిన్రు: వి ల్లు.
నవ్వు ఆగింది.

దూరంగ సెక్రెటరీ బండి చప్పుడు.
కుంచె చేతుల్నే ఉంది,
డబ్బాల రంగు ఇంకా బెత్తెడుంది.
ఎందుకో నిచ్చెన ఎక్కబుద్ధి కాలే.

అరుగు మీద ఆకుచుట్ట ముట్టిచ్చుకుంట
కాకో అడిగింది:
"ఏం రాసినవ్‌రా?"
"సగమే రాసిన కాకో."
పొగ ఇడిసి,
"సగమే గద అయింది" అన్నది.