లాభం, రెండు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి యార్డు.
కాంటా కాడ దడ్వాయి కొమ్మాలు,
పక్కన స్టూలు మీద నేను, చిట్టీలు రాసేటోన్ని.
పద్దెనిమిదేండ్లు
ఆయన అరిసిండు, నేను రాసిన.

మొదటి బస్తాకు ఎన్నడు ‘ఒకటి’ అనకపోయేది.
‘లాభం’ అనేటోడు.
ఆ ‘లాభం’ను సాగదీస్తె
రేకుల కిందికెల్లి పావురాలు లేచి
మళ్లా కూసున్నంక ‘రెండు’ వచ్చేది.
ఏడు కాడ గొంతు జర తగ్గించేటోడు.
ఎందుకో నేను అడగలే.

మొదలు బొంగురుపోయింది.
ఘాటు అనుకున్నం. యార్డుల దగ్గనోడు ఎవడు?
మిరియాల చాయ, ఉప్పునీళ్ల పుక్కిలింత,
పరకాల దిక్కుకెల్లి ఎవరో తెచ్చిన ఆకుపసరు.
ఆరు నెలలు పోయినయి అట్లనే.

ఎంజీఎంల డాక్టరమ్మ
మందుల చీటీ ఎనుక బొమ్మ గీసింది.
రెండు తెరలు, నడుమ సందు.
‘స్వరపేటిక’ అన్నది. ‘తీసెయ్యాలె.’

పోశక్కకు నోరు తిరగలే.
‘పేటిక అంటె?’
పెట్టె, అన్న.
‘పెట్టెనా! నా పెండ్లినాటి ట్రంకుపెట్టె లెక్కనా?
మరి తాళం ఏడుందో అడుగు.’
డాక్టరమ్మ నవ్వలే.
పోశక్క గూడ నవ్వలే.

ఇన్నేండ్లు రాసి బతికినోన్ని,
ఆ మాట ఎన్నడు రాయలే నేను.
మనం గొంతు అంటం, కుత్తిక అంటం,
కోపమొస్తె పీక అంటం.
పెట్టె అని మొదలు ఎవడన్నడో,
వాడు పోగొట్టుకున్నోడే అయి ఉంటడు.
ఉన్నన్ని రోజులు
అండ్ల ఏమున్నదని ఎవలు చూస్తరు?

ఇప్పుడు మెడకు తొర్ర.
దాని మీద తడిపిన దస్తీ, ఘాటు పోకుంట.
దగ్గు గూడ ఆడికెల్లే.
ఇంటికాడ ఉండుమంటె ఉండడు,
పొద్దుగాల్నే వచ్చి బస్తాల మీద కూసుంటడు.

కొత్త కాంటా మీద అంకెలు ఎర్రగ వెలుగుతయి,
అరిసే పనే లేదు అసలు.
నిన్న నర్సంపేట దిక్కు ముసలి రైతొకాయన
‘ఎవరన్న చెప్పుండ్రి బిడ్డా,
నాకు కండ్లు ఆనయి’ అన్నడు.

పెన్ను జేబుల పెట్టిన.
‘ఒక...’ అన్ననో లేదో
కొమ్మాలు చెయ్యి లేచింది.
మెడ మీద దస్తీ ఉబ్బింది, తగ్గింది.
పెదవులు నాకంటె ముందే కదిలినయి.
వాటిని చూసుకుంట,
ఎవరో రాసిన చిట్టీ చదివినట్టు,
బేసురుగ, గట్టిగ
‘లాభం’ అన్న.

పావురాలు లేవలే.
కొమ్మాలు రెండు వేళ్లు చూపిండు.