తడి వేలు

గోపాల్‌పూర్ హోటల్లో పియానోకి
దుమ్ము దులిపే కుర్రాడు సూరాడ దండాసి.
గుడ్డ ఆడితే మీటలు మోగుతాయి కదా,
ఆ వంకతోనే నేర్చాడు.
పదేళ్లకి అదే బల్ల మీద కూర్చుని
కలకత్తా నుంచి దిగిన కొత్తజంటలకి
సాయంత్రాలు వాయించేవాడు.
బూట్లు మాత్రం మేనేజరువి.

సముద్రానికి ఆ పియానో మీద ఏం పగో,
ఏటా కొన్ని తీగెలు తినేది.
చివరికి ఎడమచేతి వైపు పదకొండు మీటలు మిగిలాయి.
ఆ పదకొండింటితోనే ఒక సీజను నెట్టుకొచ్చాడు.
తర్వాత హోటలు మూశారు,
పియానోని కట్టెల లెక్కన తూచారు.

మళ్లీ బరంపురంలో కనబడ్డాడు,
గిరి రోడ్డు రేడియో కొట్లో
పొట్ట విప్పిన మర్ఫీ ముందు.
నేనక్కడ సోల్డరు పట్టే పిల్లని,
రోజుకి మూడు రూపాయలు, ఒక టీ.
"పిల్లా, ఇక్కడ వేలెట్టు" అన్నాడు.
పెట్టాను. కుయ్యిమంది.
"తడిచేసి పెట్టు."
ఈసారి ఏడ్చింది,
నా వేలు ఎంత కదిలితే అంత.

మూడేళ్లు పట్టింది ఆ పెట్టె.
స్కూటరు బ్యాటరీ, సబ్బుపెట్టెలో ట్రాన్సిస్టర్లు,
వల సీసం కరిగించి వేసిన అతుకులు,
పైన పదకొండు రాగిరేకులు.
పన్నెండోది ఎందుకు లేదని నేనడగలేదు.

గంగమ్మ పండక్కి ఒడ్డున పెట్టాడు.
ఒడియా బాబులు నోలియా భూతవైద్యం అన్నారు.
విశాఖ నుంచొచ్చిన చుట్టం
ఏ సినిమాలోదిరా అన్నాడు.
టేపు ఎక్కడ దాచాడోనని
పోలీసు పెట్టె కింద తడిమాడు.
దండాసి వేళ్లు ఎత్తేశాడు.
అంతా ఆగిపోయింది, అల తప్ప.
లేచి వెళ్లి, మణికట్ల దాకా సముద్రంలో ముంచుకొచ్చి
మళ్లీ రేకుల మీద ఆనించాడు.

తుఫానుకి ముందు తెరచాప తాడు
ఈల వేస్తుందే, అది.
దాని అడుగున, ఖాళీ తెప్ప గొణుగుడు.
కళ్లు పోయినా వల అల్లే కారి నూకమ్మ
ఉన్నచోటే లేచి నిలబడి
"తెప్పలు పైకి లాగండర్రా!" అని కేకేసింది.
నలుగురు కుర్రాళ్లు లాగారు కూడా.
ఆకాశంలో మబ్బుతునక లేదు.

అందరూ నవ్వుతున్నారు.
వైర్లు చుడుతూ అడిగాను, ఏం రాగం అది అని.
"నా పియానో తినీసింది కదా,
తిన్నదంతా దాని ఉప్పుతోనే కక్కిస్తన్నాను"
అన్నాడు, చేతులు లుంగీకి తుడుచుకోకుండా.

ఆ తెప్పల్ని మర్నాడు మధ్యాహ్నం దాకా
ఎవరూ నీళ్లలోకి దించలేదు.