లక్ష్మివారం దాకా

గొంతులు పోయాయి.
మూడేళ్ళు నన్ను పేరు పెట్టి తిట్టినవాళ్ళు
మాత్రలు మొదలెట్టిన ఏడో నెలలో
చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేశారు.
ఖాళీ చెవులు ఊరుకోవు కదా,
లోపలికి తిరిగాయి.

ఇప్పుడు గుండె మాట్లాడుతుంది.
తెల్లారగట్ల మూడింటికి
పర్లాకిమిడి మొత్తం నిద్రలో ఉండగా
మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని
గోడ గడియారం కేసి చూస్తాను.
తొంభై ఆరు. మళ్ళీ చూస్తే నూటనాలుగు.
చూసినందుకే పెరిగిందని తెలుసు.
తెలిసీ మళ్ళీ చూస్తాను.

అద్దంలో నాలుక. టార్చిలైటుతో గొంతు.
బస్టాండులో బరువు మిషను, రూపాయికి ఒక భయం.
నిద్రలో దిండు మీదికి కారిన చొంగ చూసి
పక్షవాతమేమోనని
రెండు చేతులూ ఎత్తి సరిపోల్చుకోవడం.

మా ఇంట్లో కొమ్ముపని.
గేదె కొమ్ముని వేడి చేసి, నొక్కి, పలక తీసి
దువ్వెన పళ్ళు కోస్తాం.
నా వేళ్ళలో సన్నటి వణుకు.
రంపం ఒక పన్ను పక్కకి జరిగితే
ఆ రోజంతా
మెదడు ఎండిపోతోందనే లెక్క.

సాబత్ డాక్టరు నవ్వలేదు.
సగం ఒడియా, సగం తెలుగు కలిపి
"నీ భయం పూర్తిగా అబద్ధం కాదు" అన్నాడు.
ఆ మాటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.
"ఈ మందుని కనిపెట్టి ఉండాల్సిందే,
అందుకే నెలనెలా రక్తం, అందుకే ఈసీజీ.
ఆ కాపలా నాది.
రాత్రి డ్యూటీ నీకెవరిచ్చారు?
గురుబారం రా, అన్నీ అడుగు.
మాత్ర మటుకు నీ అంతట నువ్వు మానకు."

కూర్మావతి వదిన
పాత ఖాతా పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టి ఇచ్చింది.
భయమేస్తే టైము వేసి రాయాలి.
రాశాక ఇరవై పళ్ళు కొయ్యాలి.
అప్పటికీ పోకపోతే ఆవిడకి చెప్పాలి.
నాడి చూడ్డం రోజుకొక్కసారే, ఆవిడ ఎదురుగా.
"లక్ష్మివారం దాకా ఆగు మరి.
నీ గుండెకీ ఓ సెలవు గావాల."

ఆగడం నేర్చాను.
ఎంత బాగా నేర్చానంటే,
భాద్రపదంలో నిజంగానే ఒళ్ళు కాలిపోయి
గొంతులో ముల్లు దిగినా
పుస్తకంలో రాయలేదు.
సిగ్గేసింది.
ఎన్నిసార్లు లేపాను ఆవిణ్ణి!

కంచం తియ్యబోతూ వదిన చెయ్యి తగిలింది.
"ఏటిది, పెనంలాగుంది ఒళ్ళు! ఎప్పట్నించి?"
"లక్ష్మివారం ఇంకా రెండ్రోజులుంది" అన్నాను.
కొట్టలేదు గాని
కొట్టినంత పని చేసింది.

వానలో ఆటో. ఆసుపత్రి వరండాలో తడి గొడుగులు.
కాగితం వచ్చేసరికి తెల్లారింది:
తెల్లకణాలు సరిపడా ఉన్నాయి,
ఊళ్ళో అందరికీ వస్తున్న జ్వరమే.
అప్పుడు ఏడ్చింది వదిన,
విడిచిన చెప్పుల మధ్య నిలబడి.

పుస్తకం అట్ట లోపల ఇప్పుడు పెద్దక్షరాలు:
జ్వరం. గొంతు నొప్పి. ఛాతీ నొప్పి. కళ్ళు తిరిగి పడిపోవడం.
వీటికి లక్ష్మివారం లేదు.
మిగతావన్నీ వరసలో నిలబడాలి.

నిన్న రాత్రి మూడూ పదికి రాశాను:
ఎడమ పిక్కలో తిమ్మిరి.
రంపం చప్పుడుకి
పక్కింటి దాలినాయుడు గోడ మీద గుద్దాడు.
పదిహేడో పన్ను దగ్గర పిక్క సంగతి మర్చిపోయాను.
పద్దెనిమిది వంకర పోయింది.

బేరానికి పనికిరాని ఆ దువ్వెనని
"నాకుండనీ" అని తీసుకుంది వదిన.
గుమ్మంలో జడ విప్పుకుని కూర్చుని
చిక్కు తీసుకుంటోంది,
వంకర పన్ను దగ్గర వెంట్రుక ఇరుక్కున్నప్పుడల్లా
"అబ్బ" అంటూ.