అట్ట చట్రం

మా మావ కూర్మనాయకులు మలేరియా ఇన్‌స్పెక్టరు.
ఆయన ఇంట్లో స్లైడంటే రెండు రకాలు:
నెత్తుటి చుక్క పూసిన గాజుపలక ఒకటి,
అట్ట చట్రంలో ఇరికించిన రంగు ఫిల్ముముక్క ఒకటి.
మొదటివి రాయగడ ల్యాబుకి పోయేవి.
రెండోవి బిస్కెట్ల డబ్బాలో మిగిలాయి,
నూట అరవై రెండు.
వంశధార పొంగిన ప్రతి ఏడూ
గుణుపురం బూజు ఆ డబ్బాలో ఒక వేలు ముంచి పోయింది.

జెరాక్సు కొట్టు మూశాక, రాత్రి పదికి మొదలుపెడతాను.
టాబ్లెట్టు తెల్లతెర, దాని మీద పాలగాజు,
గాజు మీద స్లైడు,
పైన ఎరువు తెచ్చిన మాక్రో లెన్సు.
ఫ్యాను ఆపాలి. లారీ వెళ్తే ఆగాలి.
ఊపిరి కూడా అడిగి తీసుకోవాలి.
అయినా దుమ్ము పడుతుంది, వెంట్రుక పడుతుంది,
సవర కొండల మీది ఆకాశం
వంకాయ రంగుకి తిరుగుతుంది.
తిరగనీ. చట్రంతో సహా తీస్తాను,
అట్ట మీద మావ పెన్సిలు రాత పడేటట్టు:

“పుట్టాసింగి సంత. చలిజ్వరం, పదకొండు మంది.”
“జీపు దిగబడింది. డ్రైవరు అలిగాడు.”
“బానమ్మ కోడలు. వేలు ఇవ్వనంది. నవ్వింది. ఇచ్చింది.”

మంచివనుకున్న పన్నెండు మాత్రం
విశాఖపట్నం పంపాను, ఒక్కోటి డెబ్బై రూపాయలకి.
పెద్ద యంత్రం వాళ్ళది.
బూజు తుడిచారు, గీతలు పూడ్చారు,
జారిన రంగుని మళ్ళీ గట్టెక్కించారు.
ఒప్పుకోవాలి:
నా కెమెరాకి బొగ్గుముద్దలా కనిపించిన చిన్నరైలు కిటికీలో
వాళ్ళకి ఒక మనిషి దొరికింది.
ముక్కుకి రెండు పోగులు, నుదుట పచ్చబొట్టు,
ఒళ్ళో కోడి.
కళ్ళు తిన్నగా మావ మీద.
నలభై ఏళ్ళు ఆ చీకట్లో కూర్చునే ఉంది,
మాకెవరికీ తెలీదు.

పేరు చూద్దామని పార్సిలు విప్పాను.
అన్నీ కొత్త ప్లాస్టిక్కు చట్రాల్లో,
మల్లెపువ్వుల్లా, ఒక్క మరకైనా లేకుండా.
ఫోను చేశాను.
“పాత అట్టలా సార్? తేమకి ఉబ్బిపోయాయి,
యంత్రంలో ఇరుక్కుంటాయి, తీసి పారేశాం.
దానికి వేరే చార్జీ ఏం వెయ్యలేదు.”

వాళ్ళని ఏమనను?
అది నేను మొదటిరోజు తీసిన స్లైడు.
రాత కూడా బొమ్మేనని అప్పటికి తెలీక
చట్రం తప్పించి, దగ్గరికెళ్ళి తీశాను.
ఏదో రాసుందని మాత్రం గుర్తు.
“సు” తోనో “శు” తోనో మొదలు.

ప్రింటు తీసి కొట్లో కౌంటరు గాజు కింద పెట్టాను.
ఆధారు కాపీలకి వచ్చిన పెద్దవాళ్ళని అడుగుతున్నాను.
నిన్న ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని
చాలాసేపు చూశాడు.
మనిషి తెలీదన్నాడు.
కోడి మాత్రం మంచి జాతిదట,
ఇప్పుడలాంటివి దొరకటం లేదట.

ఈ రాత్రి నలభై ఏడోది.
ఫ్యాను ఆపాను.
ముందు అట్ట.