సేకరించిన చోటు

గడియారం చౌరస్తా వెనక సందులో ముజీబ్ కొట్టు.
అద్దం మీద చీటీ:
రెడ్‌లైన్ టార్పెడో, జత మూడొందలు.
నీళ్ల కవర్లో వేలెడేసి పిల్లలు రెండు,
పక్కన ఎవరో గీసినట్టు ఎర్రటి గీత.
స్కూటర్‌కి తగిలించుకొని
పానగల్లు దాకా గుంతలు తప్పిస్తూ తెచ్చాను.

చీటీలు నమ్మడమే నా ఉద్యోగం.
ఫ్లోరైడ్ ల్యాబులో పదకొండేళ్లు.
సీసా మీద ఊరు, బోరు నంబరు, తారీకు, సేకరించిన చోటు.
లోపలి నీళ్లన్నీ ఒక్కతీరే ఉంటాయి,
చీటీ ఒక్కటే మాట్లాడుతుంది.

వాటికి మా బోరు నీళ్లు పొయ్యలేదు.
కృష్ణ నీళ్లు బకెట్లో పట్టి
క్లోరిన్ వాసన పోయేదాకా రాత్రంతా బయట ఉంచి
అంచుదాకా నింపి మూత బిగించాను.
గింజలు వేస్తే ఒకటి ఎగబడి తిన్నది.
రెండోది నాచు కింద పుల్లముక్కలా ఆగి
తిండిని కాదు,
తినేదాన్ని చూస్తున్నది.

మూడోవారం లెక్కపెడితే ఒకటే.
బండల మీద వెతికాను, ఫిల్టరు విప్పాను.
మిగిలినదాని పొట్ట గుండ్రంగా ఉంది.
పాపం తోడు పోయిందని
దానికోసం లైటు తగ్గించాను.

ఆ తర్వాత ఎరుపు పోసాగింది.
రోగమనుకొని ఉప్పు వేశాను.
ఉండుండి పైకొచ్చి గుటుక్కున గాలి మింగుతుంటే
ఊపిరాడట్లేదని రెండో పంపు కొన్నాను.
ముజీబ్ ఒక మందు సీసా అమ్మాడు.
దాని మీదా చీటీ ఉంది.

చేపల సైదమ్మ గుమ్మం ముందు ఆగింది.
గంప నెత్తిమీద ఉండగానే,
"ఏంది సారూ, కొర్రపిల్లను అద్దాల పెట్టెల వెట్టినవ్?
తల సూడు, పాము తల.
ఈపు మీది రెక్క సూడు,
మెడకాడ మొదలైతే తోకదాంక ఆగకుంట ఉన్నది.
పిల్లలప్పుడు ఎర్రగ, గుంపుగ తిరుగుతయి.
పెరిగితే ఎరుపు పోతది, గది రోగం గాదు.
గాలి అందకపోతే
నీళ్లల్ల మునిగి సచ్చే చేప సారూ అది."

అప్పుడు తెలిసింది,
నిజం పేరున్నది
అబద్ధం పేరున్నదాని కడుపులోకి పోయిందని.

నాలుగు వేళ్ల మందం నీళ్లు తోడేశాను.
మూతకు చిల్లులు కొట్టి, పైన ఇటుక పెట్టాను
(ఎగిరి దుంకే జాతట).
మందు మోరీలో పోశాను.
వాన పడ్డ రోజు పెరట్లో తవ్వి ఎర్రలు తెచ్చాను,
ఒక్కొక్కటి వేలితో అందిస్తే
వేలు కూడా కొరికింది.

ఒక ఎండాకాలం
రెండు తండాల సీసాల మీద చీటీలు తారుమారు చేశాను.
మంచి బోరుకు ఎర్ర రంగు కొట్టించారు.
పంతొమ్మిది రోజులు ఆడవాళ్లు బిందెలతో దాన్ని దాటుకొని
చెడ్డదాని కాడికి నడిచారు.
రంగును ఎవరడుగుతారు?
ఒక ముసలామె మాత్రం అన్నదట,
"గీ నీళ్లకు పప్పు ఉడుకుతలేదు,
గా ఎర్రదాని నీళ్లకే ఉడికేది."
ఆమె పేరు నేను రాసుకోలేదు.

ఇప్పుడు కొర్ర జానెడయింది. ఎరుపు ఎక్కడా లేదు.
చెరువుల ఇడువమంటది సైదమ్మ,
ఇంకోరోజు పులుసన్న పెట్టమంటది.
నేనింకా ఏదీ తేల్చలేదు.

ల్యాబు చీటీ ఒకటి తెచ్చి అద్దానికి అంటించాను.
కొర్రమట్ట. తారీకు.
సేకరించిన చోటు దగ్గర కలం ఆగింది.
ఏ కుంటలో, ఏ తల్లి వెనక తిరిగే గుంపులోంచి?
ముజీబ్‌నడిగితే, "టోకులో వచ్చింది భాయ్, సంచిలో."
ఆ గీత ఖాళీగానే ఉంది.

కరెంటు పోయిన రాత్రి
చీకట్లో గుటుక్.
మళ్లీ గుటుక్ వినబడేదాకా
లెక్కపెడుతూ ఉంటాను.