వేలెడంత ఖాళీ

ఆలూ లేదు చూలూ లేదు,
దానికి అప్పుడే పేరు పెట్టేశారు.
ఇకెజా సందులో ఎవరి నోట విన్నా అదే:
ఈసారి బ్యాటరీ రెండు రోజులొస్తుందట,
తెర దుప్పటిలా మడత పడుతుందట,
ఈసారి తనే ఆలోచిస్తుందట.
"అయితే కరెంటు బిల్లూ తనే కడుతుందేమో"
అంది మా ఓగా మోరెనికే,
సోల్డరింగ్ ఐరన్ ముక్కు తడి స్పాంజికి రాస్తూ.
చుయ్యిమంది.

మా కొట్టు వెడల్పు రెండు కుర్చీలు.
మూడోది వేస్తే జనరేటరు వీధిలో పడాలి.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే
ల్యాప్‌టాప్‌ల పొట్టలు విప్పుతోంది.
జాతకం చెప్పేవాళ్లు అరచెయ్యి చూస్తారు,
ఆమె కీబోర్డు చూస్తుంది.
ఎస్ మీట అరిగిందా, పిరికివాడు,
నిమిషానికోసారి సేవ్ చేస్తాడు.
చెరిపే మీట నున్నబడిందా,
లాయరో, ప్రేమలో ఉన్నవాడో.
అడుగున ఎడమ మూల రంగు మారిందా,
ఇళ్ల నమూనాలు గీసే మనిషి,
పరుపు మీద పెట్టుకుని పని చేస్తాడు,
ఎంత చెప్పినా వినడు.

కొలాపో వచ్చాడు ఆ మధ్యాహ్నం,
చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని.
పెళ్లి సినిమాలు కూర్చే మనిషి.
శనివారం పెళ్లి, బుధవారం గడువు,
మంగళవారం యంత్రం నల్లబడింది.
"సెప్టెంబరులో కొత్తది కొంటా.
అంతదాకా దీన్ని బతికించు."
"అంతదాకా అనే మాట మీదే
నా కొట్టు నడుస్తోంది" అంది ఓగా.

నేను టార్చి పట్టుకున్నాను.
మరలు విప్పుతూ జోస్యం మొదలెట్టింది.

వచ్చేది ఇంకా పలచన.
పలచనైన కొద్దీ లోపల జిగురు చిక్కన.
ఉన్న రెండు రంధ్రాల్లో ఒకటి పూడ్చేస్తారు,
పూడ్చినదాన్ని విడిగా డబ్బాలో పెట్టి అమ్ముతారు.
మెమరీని బోర్డుకే అతికేస్తారు,
కొన్ననాడు ఎంత గుర్తుంటే పోయేదాకా అంతే.
ఫ్యాను ఉండదు. ఉన్నా గుసగుస.
నువ్వు చెయ్యి వెయ్యకముందే
ఇక్కడ కత్తిరించనా అని అడుగుతుంది.
పెళ్లికూతురి అమ్మమ్మ ఆట పొడుగైందని
తీసి అవతల పారేస్తుంది.

కొలాపో నవ్వలేదు.
ఆ ముసలామె పదకొండు నిమిషాలు ఆడిందట.
నడుముకు చుట్టిన గుడ్డ రెండుసార్లు జారిందట,
జనం నుదుట నోట్లు అద్దుతూనే ఉన్నారట.
అందులో నాలుగు సెకన్లు కొయ్యలేక
రెండు రాత్రులు కూర్చున్నాడట.

"సరే, నీ ఆశేమిటి?" అన్నాడు చివరికి.
ఓగా దుమ్ము ఊదింది. ఆలోచించింది.

"ఒకే కొలత మరలు.
ఈ మూతకి నాలుగు రకాలు, చూడు.
బ్యాటరీ పాలపన్నులా ఊడిరావాలి.
ఒక మీట పోతే ఒక మీటే మార్చాలి,
పంటినొప్పికి తల తీసేయకూడదు.
హార్మటాన్ గాలి వీచే నెలల్లో
ఎడారి దుమ్ము మింగకుండా
నోరు మూసుకోవడం రావాలి."

"అంతేనా?"

మూత ఊడింది. తిప్పి చూపించింది.
లోపలివైపు లోహం మీద పెన్సిలుతో
మూడు తేదీలు. ఆమె రాతే.
మొదటిది టీ ఒలికినప్పుడు.
రెండోది పిడుగు.
మూడోది ఎందుకో ఇద్దరికీ గుర్తు లేదు.

"ఈమధ్య వాటిలో రాద్దామంటే చోటుండదు.
అంచు నుంచి అంచుదాకా నల్లటి బ్యాటరీ.
తర్వాత విప్పేవాడికి
నాకంటే ముందు ఎవరో వచ్చారని తెలియొద్దా?
వేలెడంత ఖాళీ.
ఆ గీసేవాళ్లని అంతకంటే అడగను."

బియ్యపు గింజంత ముక్క ఒకటి తీసి
ఇంకో శవంలోంచి తెచ్చి అతికింది.
నాలుగో తేదీ రాసింది.
పెన్సిలు మళ్లీ చెవి వెనక్కి పోయింది.

తెర వెలిగింది.
అమ్మమ్మ ఆగినచోటే ఉంది,
ఒక కాలు గాల్లో.

ఇరవై వేల నైరా అంది ఓగా.
కొలాపో పన్నెండు లెక్కపెట్టాడు,
మిగతాది సెప్టెంబరులో అన్నాడు.